సాంబ మసూరిలో ఒక జన్యువు మార్చారు, మన పొలంలో, కంచంలో ఏం మారుతుంది?

తెనాలి_సుబ్బు | ఆదివారం ఉదయం 7:40

మా ఊరి వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే గోల. "జన్యువులు మార్చిన బీపీటీ వస్తోంది, ఎకరానికి 45 బస్తాలు" అని ఒకడు, "అది తింటే పిల్లలు పుట్టరు" అని ఇంకొకడు. ఇద్దరి మాటా నమ్మబుద్ధి కావట్లేదు.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ప్రకటించిన రెండు వరి రకాల గురించే ఇదంతా. ఒకటి డీఆర్‌ఆర్ ధాన్ 100, కమల అని పిలుస్తున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్లు మన బాపట్ల బీపీటీ 5204, అంటే సాంబ మసూరి నుంచి తీశారు. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. దాన్ని ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్లు మన మార్టేరు ఎంటీయూ 1010 నుంచి, అంటే కాటన్‌దొర సన్నాల నుంచి తీశారు.

నేను వేసేది బీపీటీ. నిజంగా ఎన్ని రోజుల్లో కోతకొస్తుంది, ఎంత పండుతుంది, మిల్లు వాళ్లు కొంటారా? తెలిసినవాళ్లు చెప్పండి. పార్టీల గొడవ మాత్రం ఇక్కడ వద్దు.

---

రాజేంద్రనగర్_వరి | ఆదివారం ఉదయం 9:05

సుబ్బు గారూ, నేను ఆ ప్రాజెక్టులో లేను. మొక్కల జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను కాబట్టి పని ఎలా జరిగిందో చెప్పగలను.

వరిలో సైటోకైనిన్ అనే హార్మోను ఉంటుంది. వెన్ను, అంటే కంకి, ఏర్పడే వేళ అది ఎక్కువగా ఉంటే వెన్నులో కొమ్మలు, వాటి మీద గింజలు ఎక్కువ వస్తాయి. ఆ హార్మోనును విరగ్గొట్టే ఎంజైము ఒకటి మొక్కలోనే ఉంది. దాన్ని తయారు చేయించే జన్యువు సీకేఎక్స్2. బీపీటీలో ఆ ఒక్క జన్యువును దెబ్బతీశారు. విరగ్గొట్టేది తగ్గింది, హార్మోను నిలిచింది, గింజలు పెరిగాయి.

ఇదేమీ ప్రయోగశాలలో పుట్టిన ఆలోచన కాదు. హబటాకి అనే వరి రకంలో ఈ జన్యువు సహజంగానే మందగించి ఉందని, దాని వెన్నుకు అన్ని గింజలు ఉండడానికి కారణం అదేనని జపాన్ శాస్త్రవేత్తలు 2005లోనే చూపించారు. ఆ గుణాన్ని సంకరం చేసి బీపీటీలోకి తేవచ్చు. కానీ దాంతో పాటు హబటాకి గుణాలు ఇంకెన్నో వచ్చిపడతాయి. వాటిని వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా బీపీటీ రుచి పోవచ్చు. క్రిస్పర్‌తో అయితే బీపీటీని బీపీటీగానే ఉంచి ఆ ఒక్కచోట మార్చవచ్చు.

క్రిస్పర్ అంటే బ్యాక్టీరియాలు వైరస్‌ల మీద వాడే ఆయుధం. దాన్ని మనకు కావలసిన చోట డీఎన్ఏ కత్తిరించేలా మలచవచ్చని జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే 2012లో చూపించారు. 2020లో రసాయనశాస్త్ర నోబెల్ ఇద్దరికీ వచ్చింది. కత్తిరించిన చోట కణం తనంతట తానే అతుక్కుంటుంది. అతుక్కునేటప్పుడు కొన్ని డీఎన్ఏ అక్షరాలు పోతాయి, జన్యువు పనిచేయడం మానేస్తుంది. కమలలో కత్తిరించడానికి వాడిన ఎంజైము కాస్12ఏ, పూసా రకంలో కాస్9.

బయటి జీవి జన్యువేదీ చేర్చని ఇలాంటి మార్పును ఎస్‌డీఎన్1 అంటారు. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఎస్‌డీఎన్1, ఎస్‌డీఎన్2 మొక్కలకు జన్యువులు మార్చిన జీవుల మీద 1989 నాటి నిబంధనల్లోని కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చింది. బయటి జన్యువు చేర్చిన (జీఎం) బీటీ వంకాయ, ఆవాలు ఏళ్ల తరబడి ఆగిపోతే, ఇది ఇంత త్వరగా రావడానికి దారి చేసింది అదే.

---

మిల్లు_బాబాయ్ | ఆదివారం ఉదయం 10:22

మిర్యాలగూడ నుంచి. మేం విత్తనం పేరు చూసి కొనం. వడ్లు దోసిట్లోకి తీసుకుంటాం, తేమ చూస్తాం, కొన్ని నలిపి బియ్యం చూస్తాం, మర పడితే నూక ఎంతొస్తుందో అంచనా కడతాం. ఇది బీపీటీలాగే ఉంటే బీపీటీ ధరకే కొంటాం. లేకపోతే బ్రహ్మదేవుడు ఎడిట్ చేసినా కొనం.

---

ఎర్రనేల | ఆదివారం ఉదయం 11:48

రాజేంద్రనగర్ మేడం చక్కగా చెప్పారు. కానీ "బయటి జన్యువేదీ చేర్చలేదు" అన్న మాట దగ్గర సగమే చెప్పారు. ఆ కత్తిరించే కాస్ ఎంజైము మొక్క కణంలోకి ఎలా వెళ్లింది? దాన్ని తయారు చేయించే జన్యువును ముందు మొక్కలోకి ఎక్కించే కదా? అది బ్యాక్టీరియా జన్యువు కాదా?

మాది అనంతపురం జిల్లా. పత్తి వేసిన వాళ్ల చుట్టాలం. 2002లో బీటీ పత్తి వచ్చినప్పుడు కూడా "పురుగుమందు ఖర్చే ఉండదు" అన్నారు. ఇప్పుడు గులాబీరంగు పురుగు దాని మీదే హాయిగా బతుకుతోంది. పైగా అన్నీ హైబ్రిడ్లు, ఏటా విత్తనం కొనాల్సిందే. సైన్సు తప్పని నేను అనడం లేదు. సైన్సు చెప్పేవాళ్లు రైతుకు పూర్తి సంగతి ఎప్పుడు చెప్పారో చూపించండి.

---

రాజేంద్రనగర్_వరి | ఆదివారం మధ్యాహ్నం 1:15

@ఎర్రనేల సార్, మీరు అడిగింది సరైన ప్రశ్న. అవును, కాస్ జన్యువును ముందు ఎక్కిస్తారు. అది మొక్క డీఎన్ఏలో ఎక్కడో ఒకచోట చేరుతుంది. మార్పు జరిగాక ఆ మొక్కకు వచ్చిన గింజలు మళ్లీ విత్తుతారు. పిల్ల మొక్కల్లో కొన్నింటికి కాస్ జన్యువు వస్తుంది, కొన్నింటికి రాదు. కాస్ లేకుండా, కావలసిన మార్పు మాత్రం ఉన్న వాటిని ఏరుకుంటారు. మిగతావి వదిలేస్తారు. చివరి మొక్కలో బయటి డీఎన్ఏ లేదని సంస్థలోని జీవభద్రతా కమిటీకి పరీక్షలతో చూపించాలి. మినహాయింపు ఇచ్చేదే ఆ షరతు మీద.

ఇంకో మాట. మీ జిల్లాలో వేరుశనగ వేస్తారు కదా. టీఏజీ 24 పేరు వినే ఉంటారు. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రం వేరుశనగ రకాల వంశం ఎక్స్‌కిరణాలతో విత్తనాల డీఎన్ఏను చెదరగొట్టి తెచ్చిన మార్పుల నుంచి మొదలైంది. అక్కడ ఎన్నిచోట్ల మారిందో ఎవరూ లెక్కపెట్టలేదు. దశాబ్దాలుగా తింటున్నాం. ఒకచోట తెలిసి మార్చిన దానికి భయపడి, వెయ్యిచోట్ల తెలియకుండా మార్చిన దాన్ని వదిలేస్తున్నాం.

---

ఎర్రనేల | ఆదివారం మధ్యాహ్నం 1:31

టీఏజీ 24 మా నాన్న వేశారు. వాదన బాగుంది, కాదనను. కానీ "పరీక్షలతో చూపించాలి" అన్నారు. ఎవరికి చూపించారు? ఆ కాగితం మనకు కనిపిస్తుందా?

---

లెక్కల_మాస్టారు | ఆదివారం సాయంత్రం 4:50

రిటైర్డ్ టీచర్ని, రెండెకరాలు కౌలుకిచ్చాను. అందరూ శాతాలు చెబుతున్నారు, బస్తాల్లో ఎవరూ చెప్పడం లేదు. అందుకని లెక్క వేశాను.

ప్రభుత్వం ఇచ్చిన అంకె: 2023, 2024 ట్రయల్స్‌లో కమల సగటు హెక్టారుకు 5.37 టన్నులు, పక్కనే వేసిన సాంబ మసూరి 4.5 టన్నులు. అంటే 19 శాతం ఎక్కువ.

హెక్టారుకు 2.47 ఎకరాలు. కమల ఎకరానికి సుమారు 2,170 కిలోలు, 75 కిలోల బస్తాల్లో 29. సాంబ మసూరి 1,820 కిలోలు, 24 బస్తాల పైచిలుకు. తేడా దగ్గర దగ్గర 5 బస్తాలు. 2025-26 ఖరీఫ్‌లో ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన ఎకరానికి అదనంగా 8,400 రూపాయల వరకు. అది చిన్న మొత్తం కాదు, కౌలు రైతుకు అసలే కాదు. కానీ వాట్సాప్‌లో తిరిగే 45 బస్తాలు మాత్రం ఈ అంకెల్లో ఎక్కడా లేవు.

---

తెనాలి_సుబ్బు | ఆదివారం సాయంత్రం 5:36

మాస్టారూ, ఇక్కడే నాకు అనుమానం. మా కాలువ కింద బీపీటీ ఇప్పటికే 28, 30 బస్తాలు పడుతుంది, తెగులు రాకపోతే. ఆ 24 బస్తాలు దేశమంతా రకరకాల చోట్ల వేసిన సగటు. బాపట్లలో ఎంత, మార్టేరులో ఎంత అని విడిగా చెబితే కదా నాకు పనికొచ్చేది. ట్రయల్ సగటు పెళ్లిచూపుల ఫొటో లాంటిది, దాన్ని చూసి కాపురం ఎలా ఉంటుందో చెప్పలేం 😀

ఇంకా రెండు అడగాలి. ఎండాకు తెగులు తట్టుకుంటుందా? వెన్ను బరువెక్కితే పైరు పడిపోదా? బీపీటీ గాలికి ఒరిగిపోయే రకం.

---

రాజేంద్రనగర్_వరి | ఆదివారం రాత్రి 8:10

ఎండాకు తెగులు సంగతి సూటిగా చెబుతాను. మార్చింది ఒక్క జన్యువే, దానికీ తెగులుకూ సంబంధం లేదు. కాబట్టి ఆ విషయంలో తల్లి బలహీనతే బిడ్డకూ ఉంటుంది.

ఎండాకు తెగులుకు పరిష్కారం మన హైదరాబాద్‌లోనే ఎప్పుడో వచ్చింది. సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి బీపీటీలోకి మూడు నిరోధక జన్యువులు తెచ్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదల చేశాయి. ఆర్‌పీ బయో 226 అంటారు. దానికి క్రిస్పర్ వాడలేదు, జీఎం కూడా కాదు. మామూలు సంకరమే, కాకపోతే ఏ మొక్కలో ఏ జన్యువు వచ్చిందో డీఎన్ఏ గుర్తులతో చూసుకుంటూ ఏరారు. ఆ మూడింటిలో ఎక్స్ఏ21 అనేది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఇప్పుడు దాన్నీ కమలనూ కలిపితే గింజలూ ఎక్కువ, తెగులూ తక్కువ ఉండే రకం వస్తుంది. ఆ పని అంత కష్టం కాదు.

---

మిల్లు_బాబాయ్ | ఆదివారం రాత్రి 8:44

ఆ 226 బియ్యాన్నే కదా షాపుల్లో "షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" అని అమ్ముతున్నారు. మా తోడల్లుడు అలాగే తిని హాస్పిటల్‌కి వెళ్లొచ్చాడు.

---

రాజేంద్రనగర్_వరి | ఆదివారం రాత్రి 8:52

అయ్యో బాబాయ్ గారూ. దాని గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉంటుంది, మామూలు తెల్ల బియ్యం కంటే తక్కువ. అంటే చక్కెర కాస్త మెల్లగా ఎక్కుతుంది, అంతే. రెండు ప్లేట్లు పెట్టుకుంటే ఏ బియ్యమైనా ఒకటే.

---

దివిసీమ_రైతు | సోమవారం ఉదయం 6:20

అందరూ కమల గురించే మాట్లాడుతున్నారు. మాకు కావాల్సింది రెండోది. సముద్రం పక్క పొలాలు, కాలువ చివరి భూములు. ఫిబ్రవరి వచ్చేసరికి ఉప్పు పైకి తేలుతుంది. 1010 వేస్తే ఆకు చివర్లు మాడిపోతాయి. ఆ పూసా రకం ఉప్పు నేలల్లో 30 శాతం ఎక్కువ పండుతుందని పేపర్లో చదివాను. నిజమేనా?

---

రాజేంద్రనగర్_వరి | సోమవారం ఉదయం 9:30

అందులో మార్చిన జన్యువు డీఎస్‌టీ. అది ఆకు మీద గాలి రంధ్రాలను నియంత్రించే వాటిలో ఒకటి. అది పనిచేయకపోతే రంధ్రాలు తగ్గుతాయి, నీటి నష్టం తగ్గుతుంది, మొక్క ఉప్పునూ ఎద్దడినీ కాస్త ఎక్కువ తట్టుకుంటుంది.

ప్రకటించిన అంకెలు 1010తో పోల్చి చెప్పినవి. సముద్రానికి దూరంగా ఉన్న ఉప్పు నేలల్లో 9.66 శాతం, క్షార నేలల్లో 14.66 శాతం, తీర ప్రాంత ఉప్పు నేలల్లో 30.36 శాతం ఎక్కువ. మీ నేల మూడో రకం.

---

ఎర్రనేల | సోమవారం ఉదయం 10:02

@దివిసీమ_రైతు అన్నా, ఆ అంకెల మీద గొడవ ఉంది, అది కూడా తెలుసుకో. ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) సొంత ట్రయల్ నివేదికల్లోని లెక్కలు ప్రకటనలో చెప్పిన దానికి సరిపోవడం లేదని జీఎం ఫ్రీ ఇండియా కూటమి 2025లోనే ఆరోపించింది. ఐసీఏఆర్ ఖండించింది. ఎవరిది నిజమో నేను తీర్పు చెప్పను. కానీ ఆ నివేదికలు ఇంగ్లిషులో, వందల పేజీల్లో ఉంటాయి. రైతు సేవా కేంద్రంలో మన భాషలో ఒక్క పేజీ పెట్టినా ఈ గొడవ సగం తీరేది. పెట్టరు. ఆ ఖాళీలోకి వాట్సాప్ దూరుతుంది.

---

లెక్కల_మాస్టారు | సోమవారం ఉదయం 11:25

నీళ్ల లెక్క కూడా వేశాను. పంటకాలం 20 రోజులు తగ్గుతుందని, మొత్తం మీద 7,500 మిలియన్ ఘనపు మీటర్ల సాగునీరు ఆదా అని ప్రకటన. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే 265 టీఎంసీలు. నాగార్జునసాగర్ పూర్తి సామర్థ్యమే ఇప్పుడు 312 టీఎంసీలు! చూడగానే కళ్లు తిరుగుతాయి.

అయితే అది 50 లక్షల హెక్టార్లలో వేస్తే వచ్చే అంకె. ఒక్క హెక్టారుకు 1,500 ఘనపు మీటర్లు, అంటే పొలంలో 15 సెంటీమీటర్ల నీరు. మడిలో అయిదేసి సెంటీమీటర్ల చొప్పున మూడు తడులు. లెక్క సరిపోయింది, అబద్ధం లేదు. కానీ 50 లక్షల హెక్టార్లు అన్నది కోరిక మాత్రమే, ఇంకా జరిగింది కాదు.

---

తెనాలి_సుబ్బు | సోమవారం మధ్యాహ్నం 12:40

మాస్టారూ, కాగితం మీద ఆదా అవుతుంది. మా కాలువ బీపీటీ క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. నేనొక్కణ్ణి 20 రోజులు ముందు కోసినా పక్క పొలాలకు నీళ్లు కావాలి, కాలువ కట్టరు. నా కోతకొచ్చిన చేలోకి పక్కవాడి నీళ్లు ఊరతాయి, మిషన్ దిగబడుతుంది. ఊరంతా కలిసి వేస్తేనే నీళ్ల ఆదా.

మినుముకు మాత్రం కలిసొస్తుంది. డెల్టాలో వరి కోతకు ముందే తడి మీద మినుము చల్లుతాం. బీపీటీ ఆలస్యమైతే మినుము కూడా ఆలస్యమవుతుంది. 20 రోజులు ముందుకు జరిగితే మినుము మీద మిగిలేది వరి మీద మిగిలే దానికంటే ఎక్కువ. ఈ మాట ఏ ప్రకటనలోనూ కనపడలేదు నాకు.

తుఫాను సంగతి కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసిన ఓదెలు నీళ్లలో తేలాయి, మొలకలొచ్చాయి. నవంబరు మధ్యలోనే కోసేసి ఉంటే ధాన్యం ఇంట్లో ఉండేది.

---

గోదారి_గట్టు | సోమవారం మధ్యాహ్నం 1:18

సుబ్బు గారూ, ఆ ఆశ పెట్టుకోకండి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను వచ్చింది. ఆ రోజుకి మామూలు బీపీటీ ఇంకా పొట్టలోనో పూతలోనో ఉంది. 20 రోజులు ముందున్న రకం అయితే గింజ పాలు పోసుకుని బరువుగా ఉండేది, మొత్తం పడుకునేది. డిసెంబరు తుఫాను తప్పించుకుంటే అక్టోబరు తుఫానుకు దొరుకుతారు. బంగాళాఖాతం మన క్యాలెండర్ చూసి రాదు.

మా పశ్చిమ గోదావరిలో ఆచంట నెక్కంటి సుబ్బారావు గారు 1967లో ఐఆర్8 అనే వరి రకం వేసి హెక్టారుకు 7 టన్నులు పండించారని మా తాతగారు కథలా చెప్పేవారు. ఆయన్ని మిస్టర్ ఐఆర్8 అనేవారు. ఐఆర్8 దేశాన్ని ఆకలి నుంచి లాగింది, ఒప్పుకుంటాం. కానీ అన్నం గట్టి, తినేవాళ్లకు నచ్చలేదు. ఆ కొరత తీర్చడానికే కదా 1986లో బీపీటీ వచ్చింది, వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా దిగిపోలేదు. దిగుబడి కోసం రుచి వదులుకోమంటే మనవాళ్లు ఒకసారి వదులుకున్నారు, రెండోసారి వదులుకోరు.

---

కాలిఫోర్నియా_తెలుగు | సోమవారం రాత్రి 9:55

ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో దొరికే మసూరి బస్తా మీద ఏ విత్తనమో ఎవరూ రాయరు. రేపు కమల వచ్చినా మాకు తెలియదు. జపాన్‌లో మాత్రం 2021లోనే జన్యు సవరణ చేసిన టమాటా అమ్మకానికి పెట్టారు. గాబా అనే పదార్థం ఎక్కువ ఉండే రకం. సవరణ చేసినదని చెప్పే అమ్మారు, జనం కొన్నారు. దాచిపెట్టి అమ్మడం కంటే చెప్పి అమ్మడంలోనే వ్యాపారం కూడా ఉందేమో.

యూరప్ వేరు. వీటిని కూడా జీఎం చట్టం కిందే చూడాలని అక్కడి కోర్టు 2018లో చెప్పింది. ఆ తర్వాత సడలించే ప్రయత్నాలు మొదలయ్యాయి.

---

మిల్లు_బాబాయ్ | మంగళవారం ఉదయం 8:15

ఎగుమతి మాటెత్తావు కాబట్టి చెప్తున్నా. 2021లో మన దేశం నుంచి వెళ్లిన నూకల్లో జీఎం జాడ దొరికిందని యూరప్‌లో రచ్చ అయింది. మన ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఇక్కడ జీఎం వరి సాగే లేదంది. అయినా దెబ్బ వ్యాపారానికే. రేపు కమల వడ్లు, మామూలు బీపీటీ వడ్లు ధాన్యం కొనే ఐకేపీ సెంటర్లో ఒకే కుప్పలో పడతాయి. విడదీయమంటే నేనెక్కడ విడదీస్తా? ఏ మిషనూ విడదీయదు.

తెలంగాణలో సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్, రేషన్‌లో కూడా సన్న బియ్యమే. అంటే ఈ బియ్యం ముందు చేరేది రేషన్ కార్డు ఇంటికి. అడిగే అవకాశం అందరికంటే తక్కువ వాళ్లకే. ఇది నాకు నచ్చట్లేదు.

---

రాజేంద్రనగర్_వరి | మంగళవారం ఉదయం 9:40

బాబాయ్ గారు చెప్పినది నేను ల్యాబ్‌లో కూర్చుని ఆలోచించని కోణం. టెస్టు సాధ్యమే. ఏ అక్షరాలు పోయాయో ముందే తెలిస్తే పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షతో కమల అవునో కాదో చెప్పవచ్చు. కానీ ఆ మార్పు క్రిస్పర్‌తో వచ్చిందా, ప్రకృతిలో వచ్చిందా అని ఏ టెస్టూ చెప్పలేదు. అందుకే లేబుల్ చట్టం రాయడం కష్టం. కష్టం కాబట్టి రాయక్కర్లేదని మాత్రం నేను అనను.

---

ఏజెన్సీ_సిస్టర్ | మంగళవారం మధ్యాహ్నం 2:30

క్రిస్పర్ అని కనిపిస్తే ఆగి చదివాను. నేను ఏజెన్సీలో నర్సుని. మా దగ్గర సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) పిల్లలు వస్తారు. రాత్రంతా ఎముకల నొప్పితో ఏడుస్తారు. 2023 జూలైలో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలయ్యాక పరీక్షలు బాగా చేస్తున్నాం, కార్డులు ఇస్తున్నాం. ఇచ్చే మందు మాత్రం హైడ్రాక్సీయూరియా మాత్రే, అది కూడా అన్ని నెలలూ స్టాకు ఉండదు.

ఇదే క్రిస్పర్‌తో తయారైన కాస్గెవీ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతి ఇచ్చాయి. రోగి మూలకణాలు బయటకు తీసి, పుట్టిన తర్వాత తగ్గిపోయే పిండదశ హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా మార్చి, తిరిగి ఎక్కిస్తారు. ఎక్కించే ముందు కీమోథెరపీతో ఎముక మజ్జను ఖాళీ చేయాలి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మా పిల్లల అమ్మానాన్నలకు ఆ అంకెలో ఎన్ని సున్నాలో కూడా తెలియదు.

మన ఢిల్లీ జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ వాళ్లు 2025 నవంబరులో బిర్సా 101 పేరుతో దేశీయ క్రిస్పర్ చికిత్స ప్రకటించారు, తక్కువ ఖర్చులో తెస్తామన్నారు. తెస్తే మంచిదే. కానీ కీమోథెరపీ, వారాల తరబడి విడిగా ఉంచే గది, ఇన్ఫెక్షన్ రాకుండా కాపలా, ఇవన్నీ ఉండే ఆసుపత్రి మా కొండల నుంచి ఎంత దూరం? కత్తిరించే ఎంజైము ఒక్కటే చవకైతే సరిపోదు. వరి విత్తనమైతే సంచిలో వేసి కొండెక్కించవచ్చు. ఈ వైద్యం అలా ఎక్కదు.

---

నిర్వాహకుడు | మంగళవారం మధ్యాహ్నం 3:05

సిస్టర్ గారి పోస్టుకు విడిగా చర్చ తెరిచాను, ఆరోగ్యం విభాగంలో ఉంది. దయచేసి అక్కడ కొనసాగించండి. పిల్లలు పుట్టరు, క్యాన్సర్ వస్తుంది అంటూ వచ్చిన నాలుగు ఫార్వర్డ్‌లు తొలగించాను. ఆధారం ఉంటే పెట్టండి, ఫార్వర్డ్ వద్దు.

---

దివిసీమ_రైతు | మంగళవారం రాత్రి 7:48

ఇదంతా సరే, విత్తనం ఎక్కడ దొరుకుతుంది? మా మండలంలో ఒక షాపులో "ఉప్పు తట్టుకునే కొత్త ఎడిటింగ్ 1010" అని తెల్ల సంచిలో అమ్ముతున్నారు. కిలో ధర మామూలు దానికి మూడింతలు చెప్పారు.

---

తెనాలి_సుబ్బు | మంగళవారం రాత్రి 7:55

కొనకు తమ్ముడూ!! సంచికి ట్యాగు ఉందా? బ్రీడర్ విత్తనానికి పసుపు, ఫౌండేషన్‌కు తెలుపు, సర్టిఫైడ్‌కు నీలం ట్యాగు ఉంటుంది. ట్యాగు లేని సంచి అంటే పక్క ఊరి కళ్లంలో వడ్లే.

---

రాజేంద్రనగర్_వరి | మంగళవారం రాత్రి 8:30

సుబ్బు గారు చెప్పిందే. రకం ప్రకటించాక బ్రీడర్, ఫౌండేషన్, సర్టిఫైడ్ అనే మూడు మెట్లు దిగి రావాలి. ఒక్కో మెట్టుకు కనీసం ఒక పంటకాలం. ప్రకటన వచ్చిన ఏడాదే షాపులో బస్తాలు దొరకవు.

వచ్చాక ఒక మేలు ఉంది. ఇవి హైబ్రిడ్లు కావు, సూటి రకాలు. మీ పంటలోంచే మీరు విత్తనం ఉంచుకోవచ్చు, పక్క రైతుకు ఇవ్వవచ్చు. 2001 నాటి రైతు హక్కుల చట్టం ఆ హక్కు ఇచ్చింది, బ్రాండు వేసి అమ్మకూడదు అంతే. ఎర్రనేల గారు పత్తి గురించి చెప్పిన ఇబ్బంది ఇక్కడ రాదు.

---

ఎర్రనేల | మంగళవారం రాత్రి 9:12

క్రిస్పర్ పేటెంట్లు ఎవరివి మేడం? అమెరికా యూనివర్సిటీలు వాటి కోసం ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్టుకున్నాయి. ఆ పద్ధతితో చేసిన విత్తనాన్ని ప్రభుత్వం అమ్మడం మొదలుపెట్టాక లైసెన్సు డబ్బు అడిగితే ఎవరు కడతారు? ధరలో కలుపుతారా?

---

రాజేంద్రనగర్_వరి | మంగళవారం రాత్రి 9:20

పరిశోధనకు వాడుకోవడం వేరు, వ్యాపారంగా అమ్మడం వేరు. మీరు అడిగింది ఐసీఏఆర్ జవాబు చెప్పాల్సిన ప్రశ్న. విత్తనం బజారుకు రాకముందే చెప్పాలి.

---

ఎర్రనేల | మంగళవారం రాత్రి 9:41

అయితే అడుగుదాం. ఆర్టీఐకి పది రూపాయలు. నేను వేస్తాను. మూడు అడుగుతున్నా: జీవభద్రతా కమిటీకి ఇచ్చిన నివేదిక కాపీ, పేటెంటు లైసెన్సు ఒప్పందం ఉందా లేదా, ఆంధ్ర, తెలంగాణ ట్రయల్ కేంద్రాల్లో ఒక్కో చోట ఎంత దిగుబడి వచ్చిందో రెండేళ్ల లెక్క. ఇంకేమైనా కలపాలా?

---

గోదారి_గట్టు | మంగళవారం రాత్రి 9:58

ఒక్కో చోట ఎన్ని రోజులకు కోతకొచ్చిందో, పైరు ఎంత పడిపోయిందో కూడా రాయండి.

---

లెక్కల_మాస్టారు | మంగళవారం రాత్రి 10:06

పక్కన వేసిన బీపీటీకి కూడా అవే అంకెలు అడగండి. పోల్చడానికి అది లేకపోతే మిగతావి ఉన్నా లాభం లేదు. జవాబు వస్తే తెలుగులో పట్టిక నేను కట్టిస్తాను.

---

మిల్లు_బాబాయ్ | మంగళవారం రాత్రి 10:15

నూక శాతం అడుగు. నిండు గింజ ఎంత, నూక ఎంత అని. మిల్లులో ధర దాని మీదే.